కాలువకి చెప్పిన లెక్క

ఆ కుట్టు షాపులో రోజూ పదకొండింటికి టీ చెప్పేది చెకింగక్క. కుట్టడం పూర్తయిన చొక్కాలన్నీ చివరికి ఆవిడ బల్ల మీదికే వస్తాయి. కాలరు తిప్పి చూస్తుంది, వేలాడే దారాలు కత్తిరిస్తుంది, గుండీలు ఒక్కొక్కటీ లాగి చూస్తుంది, మడతపెట్టి డజను చొప్పున కట్ట కడుతుంది. పదకొండు కాగానే కిటికీలోంచి తల బయటికి పెట్టి కింద టీ బడ్డీ వైపు "నలుగురికి" అని కేకేస్తుంది. షాపులో పనిచేసేది ఐదుగురు. టీ పడితే కడుపులో మంట కాబట్టి ఆవిడ తాగదు. పందొమ్మిదేళ్ళుగా అదే కేక. ఇప్పుడది లెక్కపెట్టి వేసే కేక కాదు, దగ్గులాగా దానంతటదే వచ్చేస్తుంది.

మిగతా నలుగురిలో పెద్దవాడు కటింగ్ మాస్టారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా "నేనున్నాను" అని అందరికంటే ముందు అనేది ఆయనే. అన్న తర్వాత చాలాసార్లు కనిపించేవాడు కాదు గానీ, అన్న మాట మాత్రం అందరి మనసుల్లో ఉండిపోయేది. ఆయన తర్వాత కాజాల వదిన. గుండీలకి కాజాలు కుట్టడం ఆవిడ పని. సూది ఎంత చురుకో నోరూ అంతే. ఇస్త్రీ అన్న ఆవిడ మొగుడే. పాతికేళ్ళుగా వేడి పెట్టె ముందు నిలబడి నిలబడి ఆయనకి నిదానం ఒంటికి పట్టేసింది. చివరివాడు మిషను తమ్ముడు, ముప్పై ఏడేళ్ళవాడు, ఏడు నెలల పిల్లకి తండ్రి. పిల్ల ఫొటో చూపించమని ఎవరూ అడగకముందే చూపించేస్తాడు.

ఏటా వసంతంలో మిషన్లు విప్పి బాగుచేయించడానికి షాపు వారం రోజులు మూస్తారు. ఆ వారం ఐదుగురూ కలిసి కాలువ మీద పడవ అద్దెకి తీసుకుంటారు. పొడుగ్గా, సన్నగా, రైలు పెట్టె కన్నా ఇరుగ్గా ఉండే పడవ అది. లోపల ఐదు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, గోడకి మడిచిపెట్టే బల్ల. పై లాకు దగ్గర ఎక్కి, ఐదు రోజులు నిదానంగా సాగి, కింది లాకు దాటి రేవులో దిగి బస్సెక్కి ఇంటికి పోవడం వాళ్ళ అలవాటు. లాకంటే రెండు తలుపుల మధ్య నీళ్ళు వదిలి పడవని కింది మట్టానికి దించే రాతి తొట్టి.

ఈసారి చెకింగక్క మనసులో ఒక మాట ఉంది. షాపు కింద వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన, భార్య పోయి ఆరేళ్ళయిన మనిషి, పదిరోజుల కిందట ఆవిణ్ణి ఒక మాట అడిగాడు. పడవ నుంచి తిరిగొచ్చాక చెప్తానంది. చెప్పబోయేది సరేననే. మంచాన పడ్డ తండ్రికి పదకొండేళ్ళు చాకిరీ చేసి, ఆయన పోయాక ఖాళీ ఇంట్లో ఏడాది గడిపి, నలభై నాలుగో ఏట తనని ఒకరు అలా అడగడం ఆవిడకే వింతగా ఉంది. ముందు వీళ్ళ నలుగురికీ చెప్పాలని, పడవలో తీరిగ్గా చెప్పాలని అనుకుంది. ఇన్నేళ్ళలో తన గురించి వాళ్ళకి చెప్పే మొదటి సంగతి అదే అవుతుంది.

పడవ అద్దెకిచ్చేవాడు ఎప్పటిలాగే జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టాడు. గ్యాసు రాత్రిళ్ళు కట్టేయండి, తాళ్ళు తడిగా చుట్టకండి, లాకు దగ్గర తలల లెక్క సరిగ్గా చెప్పండి, కాలువ ఎంతమందిని పుచ్చుకుంటే అంతమందినే వదులుతుంది. అందరూ తలలూపారు. ఏటా వినే మాటలే.

ఏటా లాకు దగ్గర లెక్క చెప్పేది మాస్టారు. ఈసారి చుక్కాని నేను పట్టుకుంటానని ముచ్చటపడి ఆయన వెనక్కి వెళ్ళాడు. ముందు తాడు పట్టుకుని నిలబడింది చెకింగక్క. పడవ రెండు రాతి గోడల మధ్యకి వెళ్ళి ఆగింది. గోడ మీద లాకు చూసుకునే ముసలావిడ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. సరిగ్గా పదకొండయింది.

"ఎంతమందమ్మా?"

"నలుగురికి" అంది అక్క.

ముసలావిడ గోడ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, కిందికి వంగి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు నీళ్ళకి గట్టిగా చెప్పింది. "నలుగురు."

నీళ్ళు దిగడం మొదలైంది. లాకులో నీళ్ళు ఎప్పుడూ బుడగలు కక్కుతూ దిగుతాయి, ఈసారి చప్పుడు లేకుండా దిగాయి. పాకుడు పట్టిన గోడలు రెండు పక్కలా లేస్తుంటే చల్లదనం కాళ్ళ నుంచి పైకి పాకింది. సగం దిగాక కాజాల వదిన అక్క భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమని చెప్పావక్కా?"

"నలు..." అని అక్క ఆగిపోయింది.

తలెత్తి ముసలావిణ్ణి పిలిచింది. "అమ్మా, పొరపాటు చెప్పాను. మేం ఐదుగురం."

"చెప్పేశాను కదమ్మా. నీళ్ళకి రెండోసారి చెప్పడం ఉండదు."

"మరిప్పుడెలా?"

"ఎలా ఏముంది, కింది లాకులో నలుగురే దిగుతారు. ఎవరా నలుగురన్నది కాలువకి పట్టదు. ఇక్కడ ఎంతమంది అని అడుగుతాం, అక్కడ ఎవరెవరు అని అడుగుతారు. ఇక్కడ చెప్పిన మనిషే అక్కడా చెప్పాలి." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఐదు రోజులుందిగా, మాట్లాడుకోండి."

తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎండ. గట్ల మీద చెట్లకి లేత ఆకులు వచ్చాయి, తెల్లటి పూలు రాలి నీళ్ళ మీద పరుచుకున్నాయి. బాతు ఒకటి పిల్లల్ని వెంటేసుకుని పడవకి అడ్డంగా పోయింది. ఇంత అందం చూడ్డానికే ఏడాదంతా ఎదురుచూస్తారు గానీ ఆ పూట ఎవరూ అటు చూడలేదు.

అక్క ఏడుపు గొంతుతో "నా నోరు పడిపోను" అంది. "టీ చెప్పినట్టు చెప్పేశాను."

"పోనీలే అమ్మాయ్" అన్నాడు మాస్టారు చుక్కాని దగ్గర్నుంచి. "మనిషన్నాక నోరు జారదా. ఏదో ఒకటి చూద్దాం."

ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. దానికే అక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత తమ్ముడు పడవ అంచు మీంచి వంగి నీళ్ళలోకి చూశాడు. మిగతావాళ్ళూ వచ్చి పక్కన వంగారు, చుక్కాని ఇస్త్రీ అన్నకి ఒక్క నిమిషం అప్పగించి మాస్టారు చూశాడు, తర్వాత అన్న చూశాడు. చివరికి పడవని గట్టుకి ఆనించి ఐదుగురూ ఒక్కసారే చూశారు. నీళ్ళలో నాలుగు మొహాలున్నాయి. తమాషా ఏమిటంటే ఎవరి మొహం వాళ్ళకి కనిపిస్తూనే ఉంది. లేనిది ఎవరిదో తేల్చుకోలేక, ఆకలేస్తోందని చెప్పి అందరూ లోపలికి వెళ్ళారు.

మధ్యాహ్నం గట్టు మీద మిగిలినవాళ్ళు, అంటే లెక్కలో పట్టక పడవలు వదిలేసి పోయినవాళ్ళు, కనిపించడం మొదలైంది. ప్రతి ఏడూ కనిపిస్తారు. గట్టు రాళ్ళ మీద, పాత వంతెనల కింద కూర్చుని వచ్చేపోయే పడవల్ని చూస్తుంటారు. మర్యాదస్తులే. బట్టలు మోకాళ్ళ దాకా తడిగా ఉంటాయి. మామూలుగా వీళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు, వాళ్ళూ ఊపేవాళ్ళు. ఈసారి ఊపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మిగిలినవాళ్ళు మాత్రం పడవని, పడవలోని ఐదుగుర్నీ ఒక్కొక్కరినే పరకాయించి చూశారు, ఇంటికి కొత్తగా రాబోయేవాళ్ళని చూసినట్టు.

పడవ కట్టేయడానికి ఆపినచోట టై కట్టుకున్న గుమాస్తా ఒకాయన లేచి తాడు అందుకున్నాడు. ముడి చక్కగా వేశాడు. అక్క థాంక్స్ చెప్పి అక్కడే నిలబడిపోయింది.

"మీరిక్కడ మిగిలి ఎన్నాళ్ళయింది?"

"ఏళ్ళు తెలియవండీ. వసంతాలైతే పదమూడు" అన్నాడు. "మా ఆఫీసు వాళ్ళం పదిమందిమి వచ్చాం. మా హెడ్ గుమాస్తా తొమ్మిది అని చెప్పారు. పాపం, సెలవులో ఉన్నవాణ్ణి తీసేసి చెప్పడం ఆవిడకి అలవాటు."

"మీవాళ్ళు మళ్ళీ రారా?"

"వస్తామన్నారు. పైన ఒకరు ఎక్కువ చెబితే చాలు, దారిలో ఒకరు ఎక్కొచ్చు. కానీ కింది లాకు దాటగానే మర్చిపోతారండీ. ఇంటివాళ్ళూ అంతే. లెక్క సరిపోయాక ఎవరికి మాత్రం గుర్తుంటుంది?"

"అందరూ మర్చిపోతారా?"

"లెక్క చెప్పిన మనిషి మర్చిపోదు. మా హెడ్ గుమాస్తా ఏటా వస్తుంది. ఈ మలుపు దగ్గరికి రాగానే కిటికీ తెర వేసుకుంటుంది." గుమాస్తా టై సర్దుకున్నాడు. "నాకు కోపం లేదు. ఆవిడకి ముఖం చెల్లదు, అంతే."

అక్క ఆ రాత్రి పడుకుని గడియారాలాయన గురించి ఆలోచించింది. తను రాకపోతే ఆయన ఎదురుచూస్తాడని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది. ఇప్పుడు తెలిసింది, ఎదురుచూస్తున్నానన్న సంగతి కూడా ఆయనకి గుర్తుండదు. కంటికి అద్దం పెట్టుకుని ఏదో గడియారం విప్పుకుంటూ ఉంటాడు, అంతే. అది తలుచుకుంటే చావు కన్నా ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున బంగాళాదుంపల కూర, రొట్టెలు తింటున్నప్పుడు మాట అదంతటదే బయటికొచ్చింది. మొదట ఎత్తింది మాస్టారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది? నేనుంటాను. చూడాల్సినవన్నీ చూశాను."

"చాల్లెండి మాస్టారూ" అంది కాజాల వదిన వెంటనే. "మీరు లేకపోతే షాపెక్కడిది? కటింగ్ ఎవరు చేస్తారు?"

"మీరలా అనకండి మాస్టారూ" అన్నాడు తమ్ముడు.

మాస్టారు ఇంకోసారి అన్నాడు, వాళ్ళు ఇంకోసారి వద్దన్నారు. మూడోసారి అనకుండా ఆయన నిట్టూర్చి కూర్చున్నాడు. తర్వాత ఇస్త్రీ అన్న నిదానంగా "పోనీ నేను..." అన్నాడు. "నువ్వు నోరు మూసుకో" అంది వదిన. "నీకు మోకాళ్ళ నొప్పులు, ఈ తడిలో ఒక్కరోజు ఉండలేవు. ఉంటే నేనే ఉంటా." "నువ్వు లేకపోతే నన్నెవరు తిడతారే" అన్నాడు అన్న, ఆ మాటకి అందరూ నవ్వారు. తమ్ముడు తన వంతు వచ్చిందని గ్రహించి నీళ్ళు నమిలాడు. "నేనైనా సరే... చంటిది ఒక్కటే..." అని ఫోను తీయబోయాడు. అందరూ అతని వీపు తట్టారు.

"నేనుంటాను" అంది చెకింగక్క. "తప్పు నాది."

ఆవిడ కూడా అందరిలాగే అంది. అందరికీ దొరికినట్టు తనకీ ఒక మాట దొరుకుతుందని అనుకుంది. నువ్వెందుకు అక్కా, అని ఎవరో ఒకరు అంటారు కదా. మాట వరసకైనా అంటారు.

ఎవరూ అనలేదు. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్న చప్పుడు వినిపించింది. వదిన రొట్టె తుంపుకుంది. కాసేపటికి ఇస్త్రీ అన్న "కూర ఇంకా ఉందా" అని అడిగాడు. అక్కే లేచి వడ్డించింది.

మూడో రోజు పొద్దున మంచు దట్టంగా పట్టింది. లేచేసరికి మిషను తమ్ముడు లేడు, అతని సంచీ లేదు. గట్టు దిగి పొలాలకి అడ్డంగా పోయిన అడుగుజాడలు మాత్రం ఉన్నాయి. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను నిజంగా వెళ్ళిపోతే లెక్క సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి ఎవరూ పైకి అనలేదు. పడవ మెల్లగా సాగింది. గంట గడిచాక మంచులోంచి, ముందు వైపు గట్టు మీద, తమ్ముడు ఎదురుగా నడిచొస్తూ కనిపించాడు. కాలువకి వీపు తిప్పి తిన్నగా నడిచినవాడు తిన్నగా మళ్ళీ కాలువకే ఎదురొచ్చాడు. బూట్ల నిండా తెల్లపూల రేకులు.

"పాలు దొరుకుతాయేమోనని వెళ్ళా" అన్నాడు తల వంచుకుని.

"దొరికాయా?" అన్నాడు మాస్టారు.

"లేదు."

"మంచు కదా" అన్నాడు మాస్టారు. తమ్ముడు పడవెక్కాడు. సంచీ ఎందుకు పట్టుకెళ్ళావని ఎవరూ అడగలేదు. వాళ్ళు అలాంటి స్నేహితులు.

ఆ రోజు నుంచి అందరూ అక్కతో చాలా మంచిగా ఉన్నారు. అదే అన్నిటికన్నా భయం పుట్టించింది. కాజాల వదిన గిన్నెలు ముట్టుకోనివ్వలేదు. "నువ్వు కూర్చో అక్కా, హాయిగా చూడు" అని ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తన ఊలు శాలువా తెచ్చి కప్పింది. "ఉంచుకో, నాకింకోటుంది" అంది. ఇస్త్రీ అన్న, ఎన్నడూ ఇంట్లో చెంచా కూడా కడగని మనిషి, ఆవిడ కోసం నారింజ ఒలిచి తొనలు పళ్ళెంలో పెట్టాడు. తమ్ముడు పిల్ల ఫొటో చూపించి "నిన్నే అత్తా అని పిలిపించేవాణ్ణి" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

గట్టు మీద మిగిలినవాళ్ళు కూడా పసిగట్టినట్టున్నారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ పడవ పక్కనే గట్టు వెంట నడుస్తూ వచ్చి, అక్కని చూసి, రాయి మీద తన పక్కన చోటు కాస్త ఖాళీ చేసి కూర్చుంది.

నాలుగో రోజు మాస్టారు అక్క పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎండ చల్లబడింది. కాలువ అక్కడ చాలా వెడల్పు. నీళ్ళలో నాలుగు నీడలు పడవతో పాటే వస్తున్నాయి.

"వచ్చే వసంతానికి తప్పకుండా వస్తాం అమ్మాయ్" అన్నాడు. "పైన ఐదు అని చెప్తాం. ఏడాది ఎంతలో తిరుగుతుంది. నా మాట మీద నమ్మకముంది కదా?"

"మర్చిపోతారట మాస్టారూ."

"వాళ్ళు మర్చిపోతారేమో. మనం మర్చిపోతామా?" అన్నాడాయన నొచ్చుకుని. తర్వాత ప్రేమగానే, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి అన్నాడు. "ఒకందుకు నయం. వాడికి పిల్లుంది. వాళ్ళిద్దరికీ ఒకరికొకరున్నారు. నా వెనక షాపుంది. నీకు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళంటూ ఎవరూ లేరు కదా."

"మాస్టారూ, మీకొక మాట చెప్పాలి" అంది అక్క.

"ఒక్క నిమిషం" అని ఆయన లేచాడు. "తాడు వదులైనట్టుంది, చూసొస్తా."

తాడు వదులు కాలేదు. గుమాస్తా వేసినంత గట్టి ముడి అది. ఆయన అక్కడే నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు, వెనక్కి రాలేదు. అప్పటిదాకా ఆవిడకి తన మీద తనకే కోపం. ఇప్పుడు అది మెల్లగా అటు తిరిగింది. పందొమ్మిదేళ్ళు వీళ్ళు కుట్టిన ప్రతి కుట్టూ తను చూసింది. తన బతుకుని వీళ్ళలో ఒక్కరూ తిప్పి చూడలేదు.

ఐదో రోజు పదిగంటలకి కింది లాకు కనిపించింది. అందరూ పొద్దున్నే స్నానాలు చేసి తయారయ్యారు. అక్క దుప్పట్లు మడతపెట్టి, పొయ్యి తుడిచి బయటికి వచ్చింది. వచ్చేసరికి తలుపు మెట్టు పక్కన తన సంచీ కనిపించింది. తను పెట్టలేదు. ఎవరో తెచ్చి, దిగేటప్పుడు ఇబ్బంది లేకుండా, అందుబాటులో పెట్టారు. మీద ఊలు శాలువా నీటుగా నాలుగు మడతలు వేసి ఉంది. ఎవరని ఆవిడ అడగలేదు. మిగతా నలుగురూ నాలుగు వైపులా చూస్తున్నారు.

పడవ గోడల మధ్యకి వెళ్ళి ఆగింది. ఇక్కడి లాకు ముసలాయన పైలాకు ముసలావిడకి అన్నో తమ్ముడో అయ్యుండాలి, అదే ముక్కు. గోడకి ఇనప నిచ్చెన ఉంది, మెట్లు తడిగా ఉన్నాయి. పైన గట్టు మీద మిగిలినవాళ్ళు ఏడెనిమిది మంది చేరారు. పెళ్ళికొచ్చినవాళ్ళలా ఓపిగ్గా నిలబడ్డారు.

"పైన చెప్పింది ఎవరు?" అన్నాడు ముసలాయన.

"నేను" అంది అక్క.

"అయితే చెప్పమ్మా. ఎవరెవరు?"

అక్క తన సంచీ చేతిలోకి తీసుకుంది. వదిన గట్టిగా శ్వాస పీల్చడం వినిపించింది, ఏడుపుకి సిద్ధమవుతున్నట్టు.

"నేను" అంది అక్క మళ్ళీ. "కాజాల వదిన. ఇస్త్రీ అన్న. మిషను తమ్ముడు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు తన పేరు ఎప్పుడొస్తుందా అని మర్యాదగా నవ్వుతూ ఎదురుచూశాడు.

"మాస్టారు ఉంటానన్నారు" అంది అక్క ముసలాయనతో. "అందరికంటే ముందే అన్నారు. మేమే రెండుసార్లు వద్దన్నాం."

ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ఆ నాలుగు పేర్లూ ఒక్కొక్కటిగా నీళ్ళకి చెప్పాడు.

మాస్టారు వదిన వైపు చూశాడు. వదిన నోరు తెరిచింది, మీరు లేకపోతే షాపెక్కడిది అనడానికే అయ్యుంటుంది, కానీ ఆ మాట అంటే వెంటనే ఇంకో పేరు చెప్పాల్సి వస్తుందని తట్టి మూసుకుంది. ఇస్త్రీ అన్న తన బూట్లు చూసుకున్నాడు. తమ్ముడి చెయ్యి జేబులో ఫోను మీద ఉంది. నేను ఊరికే అన్నానని ఒక్క మాట అంటే చాలు, ఏమయ్యేదో తెలియదు గానీ, మాస్టారు ఆ మాట అనలేకపోయాడు. జీవితంలో ఎప్పుడూ ఆయన దాన్ని పైకి అనాల్సిన అవసరం రాలేదు. పైన అంతమంది చూస్తున్నారు కూడా.

"అవును, అన్నాను" అన్నాడు.

మెడలోని టేపు సర్దుకుని నిచ్చెన పట్టుకున్నాడు. తడి మెట్టు మీద కాలు ఒకసారి జారింది. గట్టు మీద నుంచి ఎవరో చెయ్యందించి లాక్కున్నారు. అక్క ఆయన సంచీ లోపల్నుంచి తెచ్చి, మునివేళ్ళ మీద నిలబడి పైకి అందించింది. అందుకునేటప్పుడు ఆయన వేళ్ళు చల్లగా తగిలాయి. అప్పుడే ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"వచ్చే వసంతానికి పైన ఐదుగురమని చెప్తాను మాస్టారూ" అంది అక్క. చెప్తున్నప్పుడు నిజంగానే అనుకుంది.

"అలాగే అమ్మాయ్. జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడాయన, ఇంటికొచ్చిన చుట్టాల్ని సాగనంపినట్టు.

నీళ్ళు దిగాయి. మాస్టారి మొహం పైకి పోయింది, తర్వాత చొక్కా, తర్వాత బూట్లు, తర్వాత తడి గోడ ఒక్కటే మిగిలింది. అక్కకి ఏడవాలనిపించింది, ఊపిరి పీల్చుకోవాలనీ అనిపించింది. రెండోదే చేసింది. తలుపులు తెరుచుకుని పడవ ఎండలోకి వచ్చింది.

"అబ్బ, ఏం వెలుగు" అంది కాజాల వదిన కళ్ళు నులుముకుంటూ. మొహం తేటపడింది. "ఈసారి ప్రయాణం ఎంత హాయిగా గడిచిందో. చుక్కాని ఎవరూ పట్టుకోలేదేమిటి? తమ్ముడూ, వెళ్ళు."

తమ్ముడు వెళ్ళి పట్టుకున్నాడు. ఇస్త్రీ అన్న ఒళ్ళు విరుచుకుని "షాపు తెరవగానే కటింగుకి ఎవరినైనా చూడాలి" అన్నాడు. "ఆ బల్ల ఎన్నాళ్ళని ఖాళీగా ఉంటుంది."

"చూడాలి" అంది వదిన. తర్వాత అక్క వైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. "అవునక్కా, ఇన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నాం, నీ సంగతి ఒక్కటీ చెప్పవేం? ఇంటి దగ్గర ఎవరెవరు ఉంటారు నీకు?"

ముగ్గురూ ఆవిడ కోసమే ఆగారు. తమ్ముడు కూడా చుక్కాని దగ్గర్నుంచి మెడ చాచి వింటున్నాడు. అక్క ఈ నిమిషం కోసమే పడవెక్కింది.

"కింద వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన లేడూ" అని మొదలుపెట్టింది.

వెనక లాకు తలుపులు మూసుకుంటున్నాయి. వాటి అవతల, ఎత్తు మీంచి, "అమ్మాయ్" అని ఎవరో పిలిచారు. వదిన తల తిప్పలేదు. అన్న తిప్పలేదు. వాళ్ళకి వినబడలేదు. అక్కకి వినబడింది. మాట ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది, ఇందాకటి కన్నా కాస్త గట్టిగా. ఆయన ఏమడిగాడో చెప్పింది, తను ఏం చెప్పబోతోందో చెప్పింది. వదిన చప్పట్లు కొట్టింది. అన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మాయ్" అని మళ్ళీ వినబడింది, ఇంకాస్త దూరంగా.

"ఇంతకీ పెళ్ళెప్పుడక్కా?" అని అరిచాడు తమ్ముడు.

ఆ సంగతి ఇంకా ఎవరూ అనుకోలేదు. రేపు సరేనంటే వచ్చే నెలలోనే చేసుకుందామని గడియారాలాయన అనొచ్చు. అక్క నీళ్ళలోకి చూసింది. నాలుగు మొహాలు, ఏ అనుమానమూ లేకుండా, ఎవరివి వాళ్ళవి.

"వచ్చే వసంతంలో" అంది. "షాపు మూసే వారం."

"అయ్యో, అయితే వచ్చే ఏడు పడవ లేదన్నమాట" అంది వదిన.

"లేదు వదినా" అంది అక్క. దూరంగా రేవు కనిపిస్తుంటే, లేచి తాడు చేతికి తీసుకుంది.